ఊరు మారిన రోగి ఎవరి లెక్క?

గోదావరి జిల్లాల్లో ఆసుపత్రులకు కొదవ లేదు. 1958లో రంగరాయ వైద్య కళాశాల మొదలైనప్పటి నుంచి కాకినాడ పెద్దాసుపత్రి ఇటు కోనసీమకూ అటు మన్యానికీ చివరి దిక్కుగా నిలబడింది. రాజమహేంద్రవరం జిల్లా ఆసుపత్రి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి అయింది. రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్, ఏలూరులో ఆశ్రం ఉన్నాయి. రాజమండ్రి దానవాయిపేటలో ప్రైవేటు ఆసుపత్రుల బోర్డులు ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తాయి. అయినా మరో రాష్ట్రం నుంచి ఇక్కడికి వచ్చి చేరిన కుటుంబానికీ, కూర్చున్న చోటే రాష్ట్రం మారిపోయిన ఊరికీ ఇదంతా అందుతోందని చెప్పలేం. మంచాలు చాలకో, డాక్టర్లు లేకో ఇలా జరుగుతోందని అనుకోవడం సులువు. ఆధారాలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే వేరే కారణం పైకి వస్తుంది. మన వైద్య వ్యవస్థ మనిషి ఒంటిని చూసే ముందు ఆ మనిషి పేరు ఎక్కడి జాబితాలో ఉందో చూస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు దొరికే వైద్యం ఎంత నాణ్యమైనదో ఆపరేషన్ థియేటర్ దాకా పోకముందే, ఆశా కార్యకర్త రిజిస్టరు దగ్గరే తేలిపోతోంది. జబ్బు చేసినప్పుడు ఎక్కడ ఉన్నారో అక్కడి లెక్కలోనే మనిషిని చేర్చుకోవాలి, డబ్బు లెక్కలు ప్రభుత్వాలు తరువాత చూసుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

కొత్తవాళ్ళంటే ఇక్కడ ఒకే రకం మనుషులు కారు. కార్తీకం వెళ్ళాక ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి పిల్లాపాపలతో ఇటుక బట్టీలకు వచ్చి వానలకు ముందు తిరిగి వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, రైస్ మిల్లుల్లో పనిచేసే బిహార్, బెంగాల్, ఒడిశా కూలీలు ఉన్నారు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం సాయుధ దళాలు మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి చింతూరు, వి.ఆర్.పురం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు ఉన్నారు. పోలవరం ముంపు కింద ఇల్లూ పొలమూ వదిలి పునరావాస కాలనీలకు చేరినవాళ్ళు ఉన్నారు. వీళ్ళందరికంటే విచిత్రమైన పరిస్థితి విలీన మండలాలది. అక్కడివాళ్ళు అడుగు కదపలేదు, రాష్ట్రమే వాళ్ళ మీదుగా కదిలింది. ఎవరి కష్టం వాళ్ళదే అయినా, ఆసుపత్రి గుమ్మంలో వీళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒక్కటే: మీది ఏ ఊరు?

విలీన మండలాల సంగతి కాస్త వివరంగా చూడాలి. మనుషులు కదలకుండా సరిహద్దు ఒక్కటే కదిలితే వైద్యానికి ఏమవుతుందో చూపించే ఉదాహరణ దేశంలో మరొకటి అంత తేలిగ్గా దొరకదు. పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు, భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగతా ఊళ్ళు, బూర్గంపాడు మండలంలో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఊళ్ళు ఇటు వచ్చాయి, ఊళ్ళన్నిటికీ ఆసుపత్రి అయిన భద్రాచలం అటే ఉండిపోయింది. నెల్లిపాక, ఎటపాకల వాళ్ళకు భద్రాచలం పక్క వీధి లాంటిది. చింతూరు నుంచి కాకినాడ వెళ్ళాలంటే మారేడుమిల్లి ఘాట్ దిగి, రంపచోడవరం దాటి నూట యాభై కిలోమీటర్లకు పైగా పోవాలి. భద్రాచలానికి అందులో సగం దూరం కూడా లేదు. పాత చుట్టరికం, సంతలు, బస్సులు, తెలిసిన డాక్టర్లు అన్నీ అక్కడే. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు చింతూరు ప్రాంతాన్ని పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. చింతూరుకూ పాడేరుకూ మధ్య రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఎనిమిదేళ్ళలో ఖమ్మం, తూర్పు గోదావరి, అల్లూరి అంటూ మూడు జిల్లాల పేర్లు మోసిన ఊళ్ళు ఇవి. పేరు మారిన ప్రతిసారీ ఏ ఆసుపత్రి నుంచి ఏ ఆసుపత్రికి రోగిని పంపాలి, మందుల పద్దు ఎవరు రాయాలి, ఖాళీ పోస్టు ఎవరు నింపాలి అన్నవి మళ్ళీ మొదటికొస్తాయి.

భద్రాచలం ఏరియా ఆసుపత్రి ఆంధ్ర రోగిని గెంటేయదు. ప్రభుత్వాసుపత్రి ఎవరినైనా చూడాల్సిందే, అక్కడి డాక్టర్లు ఇటు విలీన మండలాల వాళ్ళకూ అటు కుంట వైపు నుంచి వచ్చే ఛత్తీస్‌గఢ్ రోగులకూ ఏళ్ళ తరబడి వైద్యం చేస్తూనే ఉన్నారు. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఎటపాక ఆడపిల్ల భద్రాచలంలో పురుడు పోసుకుందనుకుందాం. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన చోటే నమోదు కావాలి కనుక బిడ్డ జనన ధ్రువపత్రం తెలంగాణది. ఆ ప్రసవం తెలంగాణ ఆసుపత్రి లెక్కలోకి వెళుతుంది. 2017లో తెలంగాణ ప్రవేశపెట్టిన కేసీఆర్ కిట్ కింద ప్రభుత్వాసుపత్రిలో ప్రసవానికి 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 ఇచ్చేవారు. అది తెలంగాణ ఆడపడుచులకే. పక్క పక్క మంచాల మీద ఉన్న ఇద్దరు బాలింతల్లో ఒకరికి వర్తించిన పథకం ఇంకొకరికి వర్తించదు. ఇంటికి చేరాక ఆంధ్ర ఏఎన్ఎం ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాలి. ప్రసవం ఎలా జరిగింది, రక్తం ఎక్కించారా, బిడ్డ బరువెంత అన్న వివరాలు మరో రాష్ట్రం రిజిస్టర్లో ఉన్నాయి. బాలింతకు జ్వరం వస్తే, బిడ్డ పాలు తాగకపోతే ప్రాణం నిలబెట్టేది ఈ సమాచారమే. అది సరిహద్దు దగ్గర ఆగిపోయింది. వైద్యంలో నాణ్యత అంటే మంచి డాక్టరు, మంచి యంత్రం మాత్రమే అనుకుంటే ఈ లోపం కంటికి కనపడదు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి రోగి భద్రంగా అందడం కూడా నాణ్యతే, మాతాశిశు ఆరోగ్యంలోనైతే సగానికి సగం అదే.

2016లో వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లో కాళ్ళ వాపుతో వరసగా గిరిజనులు చనిపోయినప్పుడు ఈ తెగిన గొలుసు అందరికీ కనిపించింది. బతికినవాళ్ళను కాకినాడ తరలించారు. రాష్ట్రం మారి రెండేళ్ళు. కొండవాలు ఊళ్ళ కోయ, కొండరెడ్డి మనిషికి సముద్రపు ఒడ్డున ఉన్న కాకినాడ అప్పటికి బొత్తిగా కొత్త ఊరు. మాట కలిసే మనిషి లేడు, తోడొచ్చినవాళ్ళకు తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు పెరిగి కూనవరం, వి.ఆర్.పురం, వేలేరుపాడు ఊళ్ళు మునిగినప్పుడు కూడా అదే అనుభవం. నది ఒకటే, వరద ఒకటే, గర్భిణులను ఒడ్డుకు చేర్చే బాధ్యత మాత్రం రెండు రాష్ట్రాలకు చీలిపోయి ఉంది.

ఇక్కడ ఆరోగ్యశ్రీ ప్రస్తావన రావాలి. తెలుగు నేల మీద పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచిన పథకం అది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, విభజన తరువాత రెండుగా చీలి, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ నడుస్తోంది. 2023 డిసెంబర్‌లో కొద్ది రోజుల తేడాతో తెలంగాణ పరిమితి 10 లక్షలకూ, ఆంధ్రప్రదేశ్ పరిమితి 25 లక్షలకూ పెరిగింది. ఆ అంకెలు చూసి సంతోషించాల్సిందే. కానీ రెండిటికీ తొలి షరతు ఆ రాష్ట్రపు కుటుంబం కావడం. 2019 నవంబర్ నుంచి ఆంధ్ర ఆరోగ్యశ్రీ హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లో ఎంపిక చేసిన ఆసుపత్రులకు 716 రకాల చికిత్సలతో విస్తరించింది. అంటే సరిహద్దు దాటి డబ్బు కట్టడం ప్రభుత్వానికి చేతగాని పని కాదు. మహానగరంలో గుండె ఆపరేషన్ కోసం దాటిన గీత, పక్క ఊళ్ళో పాము కాటుకూ పురిటికీ కూడా దాటవచ్చు. ముందు ఆలోచన పెద్ద జబ్బుల మీదికి పోయింది. సరిహద్దు పల్లెల్లో మనుషులను చంపేవి ఎక్కువగా చిన్న జబ్బులు, ఆలస్యాలు.

పోలవరం నిర్వాసితులది వేరే కథ. లక్షకు పైగా కుటుంబాలు కదలాల్సిన ప్రాజెక్టు ఇది. దేవీపట్నం మండలం వాళ్ళకు గోకవరం వైపు, కుక్కునూరు, వేలేరుపాడు వాళ్ళకు జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి వైపు కాలనీలు కట్టారు. ఇళ్ళు కట్టినంత వరసగా ఆరోగ్య సిబ్బంది రారు. గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, మైదానంలో అయితే 5,000 మందికి ఒకటి అన్నది జాతీయ ప్రమాణం. అడవిలో చెల్లాచెదురుగా ఉన్న ఊళ్ళను తెచ్చి మైదానంలో ఒక్క చోట పెడితే కాగితం మీద వాళ్ళ దూరం తగ్గుతుంది, వాళ్ళ వాటా సిబ్బందీ తగ్గుతుంది. మనిషి మాత్రం అదే మనిషి, రక్తహీనత అదే. పునరావాసం లెక్కలో వైద్య సిబ్బందిని ఇంటి పట్టాతో పాటే బదిలీ చేయాలని నిర్వాసితులు అడగడం న్యాయం.

గుత్తికోయలకు ఆ పట్టా కాగితం కూడా లేదు. సుప్రీంకోర్టు 2011 జులైలో సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది గానీ, అప్పటికే పారిపోయి వచ్చినవాళ్ళ బతుకు ఇక్కడే స్థిరపడింది. షెడ్యూల్డ్ తెగ హోదా రాష్ట్రాల వారీది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ అయిన విద్యార్థి మహారాష్ట్ర వెళితే అక్కడ ఎస్టీగా రిజర్వేషన్ అడగలేడన్నది ఆ తీర్పు సారాంశం. రిజర్వేషన్ విషయంలో ఆ తర్కానికి ఒక ఆధారం ఉంది, ఏ తెగ ఏ ప్రాంతంలో వెనుకబడిందన్నది అక్కడి చరిత్రను బట్టి తేల్చాలి. అదే తర్కాన్ని తెలియకుండానే వైద్యంలోకి లాగేశాం. ఎస్టీ ధ్రువపత్రం రాదు కనుక గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పట్టించుకోదు, ఆధార్ చిరునామా దంతెవాడదో సుక్మాదో కనుక గ్రామ సచివాలయం కుటుంబాల మ్యాపింగ్‌లోకి ఎక్కరు, అటవీ భూమిలో ఉన్నారు కనుక రోడ్డు పడదు. ఆశా కార్యకర్త నియామకానికి ప్రాతిపదిక వెయ్యి జనాభా, అడవి ప్రాంతాల్లో గుర్తించిన గూడెం. గుర్తించని గూడేనికి ఆశా ఎక్కడి నుంచి వస్తుంది? మలేరియా దోమ మాత్రం శబరి నది ఆ గట్టునా ఈ గట్టునా ఒకటే. ఒక గూడెం వదిలేసి పక్క గూడెంలో మందు కొడితే కొట్టిన మందు కూడా వృథా.

డెల్టాలోకి దిగితే దృశ్యం మారుతుంది. రాజమండ్రి పరిసరాల ఇటుక బట్టీల్లో ఊకతో కాల్చే ఆవాల పక్కనే కూలీల గుడిసెలు ఉంటాయి. పని లెక్క కుటుంబానికి, ఇటుకల వెయ్యికి ఇంతని. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఒక్క పూట మానినా లెక్క వెనక్కి పోతుంది. అందుకే జ్వరం వస్తే పీహెచ్‌సీకి పోయి ఓపీ చీటీ కోసం నిలబడే ఓపిక ఉండదు. సాయంత్రం మేస్త్రీ బండి మీద తీసుకెళ్ళే ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్‌తో సరి. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు, ఆ వేళకు తలుపు తీసి ఉన్నది అతనొక్కడే. కానీ గర్భిణికి రక్తపోటు చూసేవాళ్ళు, పసిపిల్లకు టీకా వేసేవాళ్ళు అతని దగ్గర ఉండరు.

టీకా దగ్గర కాస్త ఆగి చూడాలి. బలంగీర్‌లో పుట్టిన పిల్లకు అక్కడ తల్లీబిడ్డల కార్డు ఇస్తారు. రాత ఒడియాలో ఉంటుంది. మన ఏఎన్ఎంకు ఒడియా అక్షరం రాదు. అయినా ఆ కార్డు ఆమె చదవగలదు, ఎందుకంటే గళ్ళ వరస దేశమంతా ఒకటే: పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. ఏ గడిలో తేదీ ఉంది, ఏ గడి ఖాళీ అన్నది చూస్తే చాలు, మాట అవసరం లేదు. ఆ ఖాళీ గడి నింపడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, టీకా మందు సీసా కూడా కేంద్రం ఇచ్చిందే. మరి అడ్డేమిటి? ఆమె ముందస్తుగా తయారుచేసుకునే బకాయి పిల్లల జాబితాలో బట్టీ పిల్లలు ఉండరు. బట్టీ ఊరికి ఆవల ఉంటుంది, ఇంటి నంబరు ఉండదు. ఉన్న జాబితా పూర్తి చేయడమే ఆమె పనికి కొలమానం. జాబితాలో లేని పిల్లకు టీకా వేస్తే ఆమె శాతం పెరగదు. మంచి మనసున్న ఏఎన్ఎంలు వేస్తున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ పసిపిల్ల టీకా ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు.

పోల్చి చూడటానికి బియ్యం ఉంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ప్రయోగం 2019 ఆగస్టులో మొదలైనప్పుడు తొలి జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. కార్డు ఎక్కడిదైనా వేలిముద్ర వేసి ఉన్న చోట బియ్యం తెచ్చుకోవచ్చు. రాష్ట్రాలు తరువాత లెక్క సర్దుకుంటాయి. వైద్యంలో దానికి సాటి వచ్చేది ఆయుష్మాన్ భారత్. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ పథకంలో 5 లక్షల వరకు ఏ రాష్ట్రంలోనైనా చికిత్స పొందవచ్చు, సొంత రాష్ట్రం ఖర్చు చెల్లిస్తుంది. ఆలోచన గొప్పది. కానీ గోదావరి జిల్లాలకు వచ్చే కూలీల సొంత రాష్ట్రాలను చూడండి. ఒడిశా ఇందులో చేరడానికి 2025 జనవరిలో గానీ ఒప్పందం చేసుకోలేదు. బెంగాల్ 2019 జనవరిలో బయటికి వెళ్ళింది. అంటే ఎక్కువగా వలస పోయేవాళ్ళ రాష్ట్రాలే ఏళ్ళ తరబడి వలసదారుకు పనికొచ్చే పథకానికి దూరంగా ఉన్నాయి. పైగా అది ఆసుపత్రిలో చేరినవాళ్ళకే. ప్లాంటులో చల్లటి నీళ్ళలో నిలబడి రొయ్య ఒలిచే అమ్మాయికి కావలసినవి చేతుల పుండ్లకు మందు, నెలనెలా రక్తహీనత మాత్రలు. పెద్ద జబ్బు దాకా రానివ్వకుండా చూసే వైద్యం బీమా కార్డుతో రాదు, ఊళ్ళో ఉన్న ఉపకేంద్రంతో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ క్లినిక్‌లు వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు పల్లెకు రావాలన్నారు. ఈ ఏర్పాటుకు బట్టీని, ప్లాంటు హాస్టల్‌ను కూడా ఒక పల్లెగా లెక్కించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

దీనికి వచ్చే ఆక్షేపణల్లో మొదటిది డబ్బు. మన పన్నులతో పరాయి రాష్ట్రం వాళ్ళకు వైద్యమేమిటని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ ఆ కూలీ కొనే సబ్బుకూ సెల్ రీచార్జికీ పన్ను ఇక్కడే పడుతోంది. అతని ఇటుకతో ఇక్కడి ఇళ్ళు లేస్తున్నాయి, ఎగుమతయ్యే రొయ్యలో అతని కష్టం ఉంది. కూలీ రేటు తక్కువని పిలిపించుకుని, జబ్బు ఖర్చు మాత్రం బలంగీర్ భరించాలనడం న్యాయం కాదు. చట్టం కూడా ఆ మాట ఏనాడో చెప్పింది. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరే ఉచిత వైద్య సదుపాయం కల్పించాలంది. ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయేదాకా నాలుగు దశాబ్దాలు కాగితం మీదే బతికింది, ఎందుకంటే కూలీల పేర్లు నమోదు చేయని కాంట్రాక్టరును అడిగేవాళ్ళు లేరు. 2022 ఏప్రిల్‌లో ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన కర్మాగారంలో పేలుడు జరిగి ఆరుగురు చనిపోతే నలుగురు బిహారీలు. అలాంటి రోజున తప్ప ఈ మనుషులు మన ఊళ్ళో ఉన్నారన్న సంగతి మనకు గుర్తు రాదు. జనాభా లెక్కల వాళ్ళకు మాత్రం గుర్తుంటుంది. 2027 ఫిబ్రవరి జనగణన బట్టీ కూలీని బట్టీలోనే లెక్కిస్తుంది. లెక్కకు మనవాడైన మనిషి మందుకు పరాయివాడు కావడానికి కారణం కనపడదు.

వైద్యం బాగుంటే జనం ఎగబడతారన్నది రెండో ఆక్షేపణ. మనమే ఎగబడినవాళ్ళమైన రోజు ఒకటి ఉంది, దాన్ని గుర్తు చేసుకోవాలి. 2021 మే నెలలో కోవిడ్ రోగులతో హైదరాబాద్ బయలుదేరిన ఆంధ్ర అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. ఆసుపత్రి ముందస్తు అనుమతి ఉంటేనే రానిస్తామన్నారు. ఆ నెల 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. అంతకు ముందు 2018లో ఢిల్లీలో జీటీబీ ఆసుపత్రి పడకల్లో 80 శాతం ఢిల్లీవాసులకే కేటాయించాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని అక్కడి హైకోర్టు కొట్టేసింది. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో ప్రభుత్వాసుపత్రి అత్యవసర చికిత్స నిరాకరించడం జీవించే హక్కును హరించడమేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మే నెలలో మన అంబులెన్సులు ఆగినప్పుడు మనకు వచ్చిన కోపం సరైనదైతే, అదే కొలబద్ద చింతూరు అడవిలో గుత్తికోయకూ వర్తించాలి. ఇక ఎగబడటం సంగతి: ఎవరూ టీకా కోసం బలంగీర్ నుంచి రాజమండ్రి రారు. వాళ్ళు పని కోసం వస్తారు, వచ్చాక జబ్బు పడతారు.

మూడోది కాస్త గట్టిది, ఇక్కడివాళ్ళకే దిక్కులేదు కదా అని. 2017 జూన్‌లో వై.రామవరం మండలం చాపరాయిలో నెల రోజుల్లో 16 మంది గిరిజనులు చనిపోయాకగానీ అధికారులకు కబురు అందలేదు. వాళ్ళు వలస వచ్చినవాళ్ళు కారు, తరాలుగా ఆ కొండ మీది వాళ్ళే. ఇప్పటికీ మన్యంలో డోలీలు మాయం కాలేదు. నిజమే, కానీ ఈ నిజం నా వాదనకే బలం. చాపరాయిని చంపింది కూడా లెక్కలోకి రాకపోవడమే. ఊరు జాబితాలో ఉన్నా ఆ జాబితా పట్టుకుని కొండ ఎక్కిన మనిషి లేడు. కొత్తవాళ్ళను లెక్కించడానికి గూడెం గూడెం తిరిగే ఏర్పాటు చేస్తే దాని వల్ల ముందు బాగుపడేది చాపరాయి లాంటి ఊళ్ళే. ఒకరి వాటా తీసి ఇంకొకరికి ఇచ్చే వ్యవహారం కాదిది. అటవీ శాఖ చెప్పే అభ్యంతరం ఇంకొకటుంది: గుత్తికోయ గూడేనికి వైద్యం ఇస్తే పోడు ఆక్రమణకు ముద్ర వేసినట్లవుతుందని. బిడ్డకు మలేరియా మాత్ర ఇచ్చినంత మాత్రాన ఎవరికీ భూమి పట్టా రాదు. భూమి తగాదా కోర్టులో తేలడానికి పదేళ్ళు పట్టవచ్చు, ఫాల్సిపారం మలేరియా పది రోజులు కూడా ఆగదు.

రాష్ట్రం మారినా రోగిని వదలకుండా చూడటం కుదరని పని కాదని మన దేశమే రుజువు చేసింది. క్షయ కార్యక్రమంలో రోగి పేరు నిక్షయ్ పోర్టల్‌లో ఒకసారి చేరితే ఊరు మారినప్పుడు ఆ ఐడీ మీదే కొత్త కేంద్రానికి బదిలీ అవుతుంది. మందులు అక్కడ కొనసాగుతాయి. పోషణ కోసం నెలకు 500 చొప్పున ఇస్తున్న డబ్బు 2024 నవంబర్ నుంచి 1,000 అయింది, అది రోగి ఖాతాకే పోతుంది. అందులోనూ జారిపోయేవాళ్ళు ఉన్నారు, అయినా గురి సరైన చోట ఉంది. కేరళ 2017లో ఆవాజ్ పేరుతో వలస కార్మికులకు బీమా పెట్టింది. మొదట్లో చికిత్సకు 15,000 రూపాయలే కనుక ఆ సాయం కొద్దిపాటిదే, కానీ రాష్ట్రం ముందుకొచ్చి మీరు మా లెక్కలోకి రండి అని పిలవడం అక్కడ కొత్త. మన తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడిన కెనడాలో ఒక ప్రావిన్సు నుంచి ఇంకో ప్రావిన్సుకు మారితే కొత్త ప్రావిన్సు మూడు నెలలకు మించి వేచి ఉండమనకూడదని 1984 చట్టం నిర్దేశించింది. ఆ మధ్యకాలంలో పాత ప్రావిన్సే ఖర్చు భరిస్తుంది. ఒక్క రోజు కూడా మనిషి ఎవరి లెక్కలోనూ లేకుండా ఉండకూడదన్నది ఆ చట్టం పట్టుదల. డెల్టాలోనే యానాం ఉంది. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్ర పల్లెల నడుమ. వాళ్ళ రోగిని పుదుచ్చేరి జిప్మర్‌కు పంపడంలోని కష్టం గుర్తించి 2024లో జిప్మర్ విభాగాన్నే యానాం తెచ్చారు. మనిషిని పరిపాలన దగ్గరికి నడిపించకుండా పరిపాలనే మనిషి దగ్గరికి రావచ్చని అది చెబుతోంది.

ఇప్పుడు చేయగలిగినవి చాలావరకు చిన్న ఉత్తర్వులతో అయ్యేవే. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం కుటుంబాలన్నిటికీ 2.5 లక్షల వరకు బీమా ఇచ్చే సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. అందులో కుటుంబమంటే ఎవరన్న నిర్వచనంలో, ఇక్కడ మూడు నెలలుగా పనిచేస్తున్నట్లు యజమానో పంచాయతీ కార్యదర్శో రాసిచ్చిన కాగితానికి చోటివ్వాలి. చింతూరు, ఎటపాక, కూనవరం రోగుల కోసం భద్రాచలం ఆసుపత్రితో రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. 108 అంబులెన్సు డ్రైవరు సరిహద్దు దాటాలా వద్దా అని రోడ్డు మీద ఆలోచించే పని ఉండకూడదు, దగ్గరి ఆసుపత్రి ఏ రాష్ట్రానిదైనా అక్కడికే. అక్కడ ప్రసవమైన బాలింత వివరాలు ఆ సాయంత్రానికే ఇటు ఏఎన్ఎం ఫోనుకు రావాలి. కాకినాడ, రాజమహేంద్రవరం ఆసుపత్రుల్లో కోయ, ఒడియా, హిందీ మాట్లాడే సహాయకులను ఆరోగ్యమిత్రల పక్కన కూర్చోబెట్టాలి. గుత్తికోయ గూడేలకు ఆ గూడెం ఆడపిల్లనే ఆశాగా తీసుకోవాలి, అక్షరం తక్కువైనా సరే, మాట తెలిసిన మనిషి కావాలి. ప్రసవానికి ముందే గర్భిణులను తెచ్చి ఉంచే వసతి గృహాలు ఏజెన్సీలో ఉన్నాయి, వాటిలో చేర్చుకునేటప్పుడు ఆధార్ చిరునామా చూడకూడదు. ఇక బట్టీల సంగతి. కూలీలు దిగేది కార్తీకం తరువాత కనుక ఏటా డిసెంబర్ మొదటి వారంలో ప్రతి పీహెచ్‌సీ తన పరిధిలోని బట్టీలకు వెళ్ళి గర్భిణులెందరు, రెండేళ్ళలోపు పిల్లలెందరు, క్షయ మందులు మింగుతున్నవాళ్ళెవరు అని రాసుకుని, ఆ పేర్లను తన పరిధిలోని ఊరి జాబితాలో కలిపేయాలి. జూన్‌లో వాళ్ళు రైలెక్కే ముందు అదే జాబితాను బలంగీర్‌కు పంపాలి.